ఫెర్నాండ్ అన్నయ్య బడికి వెళ్ళిన చలికాలం

బూట్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక నా గదికి రాని మనిషంటూ మా ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ నా తోడబుట్టినవాడు, మా ఫెర్నాండ్ అన్నయ్య.

గది అంటే పాత యూనియన్ హాలులో ఓ మూల. ఒక బల్ల, రెండు కుర్చీలు, కాఫీ మరిగే గిన్నె. రాష్ట్ర కార్మిక శాఖ వాళ్ళు నన్ను అక్కడ కూర్చోబెట్టారు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. అదే ఫ్యాక్టరీలో బూట్ల పైభాగాలు కుడుతూ సగం జీవితం గడిపినదాన్ని. ఏ ఊళ్ళో ఫ్యాక్టరీ మూసినా కోటు వేసుకున్న మనిషి వచ్చి సాయం గురించి చెబితే జనం బుద్ధిగా తలూపి, ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకుంటారని వాళ్ళకి అనుభవం. అందుకని మాలోంచే ఒకరిని ఎంచుకున్నారు. "జెర్మేన్‌ని పెట్టండి, దానికి నోరెక్కువ" అని ఎవరో చెప్పారట. ఎవరో ఇప్పటికీ తెలీదు.

ఫ్యాక్టరీ ఆగస్టు చివర్లో మూశారు. మిషన్లు విప్పి, పెట్టెల్లో బిగించి, ఓడ మీద డొమినికన్ రిపబ్లిక్‌కి పంపేశారు. అన్నయ్య తోలు కోసే విభాగంలో పెద్ద చెయ్యి. చివరి వారమంతా తన కోత మిషను తుడిచి, నూనె పెట్టి, కత్తి దగ్గరుండే అడ్డుబద్దని కొత్తది వేసి మరీ పెట్టెలోకి ఎక్కించాడు.

"నీ పని లాక్కెళుతున్న మిషనుకి నూనె పెడుతున్నావా?" అని ఓమెర్ ఎగతాళి చేశాడు. అన్నయ్య పక్క మిషను మీదే పనిచేసేవాడు ఓమెర్.

"అవతల దీని ముందు ఎవడు నిలబడతాడో. వాడి వేళ్ళు వాడికుండాలి కదరా," అన్నాడు అన్నయ్య.

అలాంటి మనిషి.

ఇక సాయం సంగతి. పని పరదేశం పోయిందని ప్రభుత్వం ఒప్పుకుంటే, ఆ పని పోయినవాళ్ళు కొత్త విద్య నేర్చుకోవడానికి కాలేజీ ఖర్చు సర్కారే పెట్టుకుంటుంది. చదువుతున్నన్నాళ్ళూ వారం వారం ఇంటిఖర్చుకి ఇంత అని ఇస్తుంది. రానూపోనూ పెట్రోలు కూడా. మావాళ్ళు దానికి స్కూలు డబ్బు అని పేరు పెట్టుకున్నారు. ఒక్కటే మెలిక. ఒప్పుకున్న రోజునుంచి ఒక గడువులోగా ఏదో ఒక చదువులో చేరిపోవాలి. మాకు అక్టోబరులో ఒప్పుకున్నారు. గడువు క్రిస్మస్‌కి ముందు ముగుస్తుంది.

శనివారం సాయంత్రం భోజనం ఎప్పుడూ అన్నయ్యా వాళ్ళింట్లోనే. పొద్దున్నించీ సన్నసెగ మీద ఉడికిన చిక్కుడు గింజలు, బెల్లప్పాకం, పందిమాంసం ముక్క, నల్లరొట్టె. ఆ శనివారం నేను తినడం సగంలో ఆపి కదిలించాను.

"అన్నయ్యా, ఊరందరూ వచ్చి పేరిచ్చారు. నువ్వెప్పుడొస్తావు?"

"రొట్టె ఇటివ్వు," అన్నాడు.

"నిన్నే అడుగుతున్నా."

"విన్నాను. నాకక్కర్లేదు. వారం వారం నిరుద్యోగ భృతి వస్తోందిగా. అది నా కష్టం మీద కట్టిన డబ్బు. అది అయిపోయేలోపు ఏదో పని దొరుకుతుంది."

"ఏం పని? ఈ నది పొడుగునా ఒక్క బూట్ల ఫ్యాక్టరీ చూపించు. ఇంక దేనికి కోస్తావు తోలు?"

"నీ ఉపన్యాసాలు నీ గదిలో చెప్పుకో. ఇది నా ఇల్లు."

క్లారిస్ వదిన వడ్డిస్తున్న గిన్నె పక్కన పెట్టింది. వదిన కూడా మాతోనే పనిచేసింది, మడమలు అతికించే చోట. నెమ్మదైన మనిషి. మా ఇంట్లో గొంతు పెంచే హక్కంతా మా అన్నాచెల్లెళ్ళకే వదిలేసింది. చేతులు తుడుచుకుని, "జెర్మేన్, నా పేరు రాసుకో," అంది.

అన్నయ్య చెంచా ఆగిపోయింది. "నువ్వా?"

"నేనే."

"నువ్వు హైస్కూలే పూర్తి చెయ్యలేదు."

"ఎవరివల్ల? మూడో సంవత్సరంలో పెళ్ళి పెళ్ళని మా నాన్న గుమ్మం ముందు కాపలా కాసిందెవరు?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అన్నయ్య నవ్వలేదు గానీ మెత్తబడ్డాడు. "చదివి ఏం చేస్తావు?"

"నర్సునవుతాను. చిన్న నర్సు. మా అమ్మకి చివర్లో సూదులు వేసిన అమ్మాయి ఉండేది చూడు, అలాంటిదాన్ని."

"ఈ వయసులో?"

"ఈ వయసులో కాక ఇంకెప్పుడు?"

అంతటితో అన్నయ్య లేచి ట్రక్కు చూసొస్తానని బయటికి పోయాడు. ట్రక్కుకి ఏమీ కాలేదు.

వదిన హైస్కూలు పరీక్ష కోసం కాలేజీలోనే క్లాసుల్లో చేరింది. కాలేజీ ఇక్కడికి గంట ప్రయాణం. నవంబరు మొదట్లోనే మంచు పడింది. వదినకి మంచులో బండి నడపాలంటే ప్రాణం పోతుంది. ఎప్పుడో చిన్నప్పుడు వాళ్ళ నాన్న కారు నది గట్టు మీంచి జారిందట, అప్పట్నించీ ఆ భయం. అన్నయ్య ఒక్కమాట అనకుండా పొద్దున్నే ట్రక్కు వేడిచేసి గుమ్మం ముందు ఆపాడు. రెండోరోజు ఫ్యాక్టరీలో మాతో పనిచేసిన రోలండ్ కూడా ఎక్కింది. ఆవిడ మొగుడు లేని మనిషి, వదిన పక్కన మడమలు అతికించేది. వాళ్ళిద్దరినీ దించి, అన్నయ్య సాయంత్రం దాకా కాలేజీ పార్కింగులో ట్రక్కులోనే కూర్చునేవాడు. వెనక్కొచ్చి మళ్ళీ వెళితే పెట్రోలు దండగని చెప్పేవాడు. పేపరు చదివేవాడు. వదిన కట్టిచ్చిన రొట్టెలు తినేవాడు. చలి మరీ ఎక్కువైతే కాసేపు ఇంజను వేసుకునేవాడు. లోపలికి మాత్రం వెళ్ళేవాడు కాదు.

కాలేజీలో నాకు వారానికోసారి పని ఉండేది. మావాళ్ళు చాలామంది అక్కడే చేరారు కదా, ఎవరికి ఏం ఇబ్బందో కనుక్కోవాలి. ఓ మధ్యాహ్నం పని చూసుకుని వస్తూ అన్నయ్య ట్రక్కు తలుపు తట్టాను. తలుపు తీశాడు. ఎక్కి కూర్చున్నాను. ఫ్లాస్కులో కాఫీ ఉంటే మూతలో పోసిచ్చాడు.

"లోపల వెచ్చగా ఉంది. కుర్చీలున్నాయి. ఎవరూ ఏమీ అనరు," అన్నాను.

"ఇక్కడ బాగానే ఉంది."

"గడువు ఇంక మూడు వారాలే అన్నయ్యా."

అద్దం మీద ఆవిరి పడితే చేత్తో తుడిచాడు. అవతల కాలేజీ పనివాడొకడు మెట్ల మీద మంచు తీస్తున్నాడు. అన్నయ్య వాడినే చూస్తూ చెప్పాడు.

"నీకు గుర్తుండదు. నువ్వప్పటికి మెమేర్ ఒళ్ళో ఉన్నావు." మెమేర్ అంటే మా నానమ్మ. "బట్టల మిల్లు మూసిన ఏడాది. నాన్నకి ఎక్కడా పని లేదు. చివరికి మునిసిపాలిటీ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు బొగ్గు, పిండి ఇచ్చేవాళ్ళు. బదులుగా ఊళ్ళో మంచు తియ్యాలి. ఆ పారలకి కాడలు ఎర్రరంగు వేసి ఉండేవి. ఎవడి చేతిలో ఎర్ర కాడ ఉందో వాడు ఊరి సొమ్ము తింటున్నాడని అందరికీ తెలిసేది."

"అమ్మ ఒకసారి చెప్పింది."

"అమ్మ చూడలేదు. నేను చూశాను. క్లాసులో కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే నాన్న మా బడి ముందే తీస్తున్నాడు. నవ్వుతారేమోనని భయపడ్డాను. ఎవరూ నవ్వలేదు. మాకు పాఠం చెప్పే సిస్టర్ లేచి వెళ్ళి నెమ్మదిగా కిటికీ తెర దించింది. నాకోసమే దించింది. అది నాకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. పిల్లలంతా ఆ తెరని చూశారు, తర్వాత నన్ను చూశారు."

కాఫీ చల్లారిపోయింది.

"ఇది అది కాదు కదా," అన్నాను చివరికి. "ఇక్కడ పార ఇవ్వరు. పుస్తకం ఇస్తారు."

"ఏదిచ్చినా చెయ్యి చాపాలిగా."

"మరి ఊరందరి చేతా నేను చెయ్యి చాపిస్తున్నానా? వదిన చాపిందా?"

"నిన్నూ అనలేదు, దాన్నీ అనలేదు. ఎవరి సంగతి వాళ్ళది. నా వల్ల కాదు, అంతే."

గడువు ఆఖరి రోజు శుక్రవారం. గది మూసే వేళయ్యాక కూడా నేను కోటు వేసుకోకుండా కూర్చున్నాను. బయట చీకటి పడుతుంటే అన్నయ్య ట్రక్కు వచ్చింది. ఆ ఇంజను చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. హాలు ముందు నెమ్మదించింది. బ్రేకు లైట్లు మంచు మీద ఎర్రగా పడ్డాయి. తర్వాత ముందుకి కదిలి, వంతెన వైపు తిరిగిపోయింది.

నేను పరుగెత్తుకెళ్ళి ఆపి ఉండొచ్చు. వెళ్ళలేదు. లాక్కొచ్చి సంతకం పెట్టించే వయసు కాదు ఆయనది.

జనవరిలో వదిన హైస్కూలు పరీక్ష గట్టెక్కింది. లెక్కల్లో మొదటిసారి తప్పింది, రెండోసారి పాసయింది. వెంటనే నర్సు చదువు మొదలైంది. రోలండ్ కూడా అదే క్లాసు. ఆ చదువు అంటే ఎముకలతో మొదలు. మనిషి ఒంట్లో ఎన్ని ఎముకలుంటే అన్నిటి పేర్లూ రావాలి, అవీ లాటిన్‌లో. పోనూ గంట, రానూ గంట ట్రక్కులో ఆడవాళ్ళిద్దరూ అవే వల్లించేవాళ్ళు. ఒకరు చెప్పేది, ఇంకొకరు పుస్తకంలో చూసేది. మధ్యలో స్టీరింగు పట్టుకుని అన్నయ్య.

ఓ రోజు రోలండ్ మణికట్టు ఎముకలు చెబుతూ ఒకటి దగ్గర తడబడిందట. "ఆ... తర్వాత... అబ్బా, నాలిక మీదే ఉంది," అంటోందట. అన్నయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఆ పేరు చెప్పాడట. దాని తర్వాతవి కూడా చెప్పాడట, వరసగా, పాటలాగా.

"క్లారిస్, మీ ఆయన్ని లోపలికి పంపి మనం ట్రక్కులో పడుకుందామే," అంది రోలండ్.

"ఏదో చెవిన పడింది," అన్నాడు అన్నయ్య. కానీ వదిన చెప్పింది, చెవులు ఎర్రబడ్డాయిట.

ఇది జరిగిన కొన్నాళ్ళకి చలి విపరీతమైంది. నది నడిమధ్య దాకా గడ్డకట్టింది. పార్కింగు చూసుకునే గార్డు వచ్చి, ఇంజను వేసి బండిలో కూర్చోకూడదు, పొగతో ప్రమాదం, లోపల కూర్చోండి పెద్దాయనా అన్నాడు. గత్యంతరం లేక అన్నయ్య లోపలికి వెళ్ళాడు. మొదటిరోజు తలుపు పక్కనే బెంచీ మీద, టోపీ తియ్యకుండా, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా కూర్చున్నాడు. రెండోరోజు కాళ్ళు లాగుతున్నాయని వరండాలో నడిచాడు. వరండా చివర పెద్ద షెడ్డు. ఇళ్ళు వెచ్చబెట్టే ఆయిల్ బాయిలర్లు విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించడం నేర్పే క్లాసు. తలుపు తెరిచి ఉంది. అన్నయ్య గడప దగ్గర నిలబడిపోయాడు.

పాఠం చెప్పేవాడు కోరీ అనే కుర్రాడు, మా అన్నయ్యకి కొడుకయ్యే వయసు. "ఎవరినైనా వెతుకుతున్నారా?" అని అడిగాడట.

"లేదు. చూస్తున్నాను."

"చూడ్డానికి డబ్బులు లేవు. లోపలికొచ్చి చూడండి, తలుపు తెరిచి ఉంటే వేడి పోతోంది."

ఆ వారమంతా అన్నయ్య అక్కడే నిలబడ్డాడని తర్వాత తెలిసింది. నాకెవరూ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఓ మంగళవారం. నా గది బయట బెంచీ మీద ఓమెర్, అతని పక్కన మా అన్నయ్య. నేను తలుపు తీసి చూసి, ఓమెర్‌ని పిలిచాను. వంతు వంతే. ఓమెర్ పని అవ్వడానికి అరగంట పట్టింది. కనెక్టికట్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతానంటాడు, వెళితే స్కూలు డబ్బు అక్కడికి మారుతుందా అంటాడు, మళ్ళీ వెళ్ళనంటాడు. నాకు అతని మాటలు సగం వినపడలేదు.

అన్నయ్య వచ్చి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఏంటన్నయ్యా?"

"ఇక్కడ అన్నయ్యా గిన్నయ్యా వద్దు. అందర్నీ అడిగినట్టే అడుగు."

"సరే. పేరు?"

"నీకు తెలీదా?"

"అందర్నీ అడుగుతాను మరి."

పెదవి చివర నవ్వు కదిలింది. పేరు చెప్పాడు. ఏ విభాగమో చెప్పాడు. ఎప్పుడు చేరాడో చెప్పాడు. చెబుతూ ఉంటే నేను రాస్తూనే ఉన్నాను, ఆపితే చెప్పవలసింది చెప్పాల్సొస్తుందని. చివరికి, "ఏం చదవాలనుకుంటున్నారు?" అని అడిగాను.

"బాయిలర్ల పని. మార్చిలో కొత్త బ్యాచి మొదలవుతుందట. ఆ కోరీ వయసు చూడడు. మంట ఎలా ఉందో చూసి లోపల ఏం తప్పిందో చెప్పొచ్చట జెర్మేన్. నాకు ఇంకా రాదు. రావచ్చనిపిస్తోంది." ఒక్క గుక్కలో అన్నాడు. ఒక పని గురించి అన్నయ్య అంత ఆశగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

నేను కలం పక్కన పెట్టాను.

"గడువు అయిపోయింది అన్నయ్యా. డిసెంబరులో."

"తెలుసు. ఏదన్నా దారుందేమోనని."

"నా చేతిలో లేదు."

తలూపాడు. ఊరివాళ్ళు చాలామంది ఆ కుర్చీలో కూర్చుని నన్ను తిట్టారు, సర్కారుని తిట్టారు, ఒకాయన కాఫీ కప్పు గోడకి కొట్టాడు. అన్నయ్య మాత్రం, "సరే. నువ్వు ముందే చెప్పావు. తప్పు నాదే," అని టోపీ పెట్టుకున్నాడు. పోతూ పోతూ నా కుర్చీ కాలు ఊగుతోందని వంగి చూసి, "దీనికో మేకు కొట్టించుకో," అన్నాడు.

అన్నయ్య వెళ్ళాక నేను తలుపు మూసుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని రాజధానికి ఫోను చేశాను. అక్కడ నా పైఅధికారి మార్జరీ హాస్కెల్. గట్టి మనిషి, పెళుసు మాట. ఎవరి కోసమో చెప్పకుండా సంగతి చెప్పాను.

"గడువు వారం వారం ఇచ్చే డబ్బుకి," అందావిడ. "అది పోయింది. దేవుడు దిగొచ్చినా రాదు. కాలేజీ ఖర్చు వేరే సంగతి. దానికి ఆ గడువు వర్తించదు. అతనికి ఆ చదువు పనికొస్తుందని నువ్వు చూపించగలిగితే, ఫీజు, పనిముట్లు, పెట్రోలు ఇప్పించొచ్చు. కానీ చదివినన్నాళ్ళూ అతను ఏం తింటాడు?"

"అడిగి చెబుతాను."

"ఎవరతను?"

"మా అన్నయ్య."

"అయితే నువ్వు రాయకు, సొంతవాళ్ళవి రాయకూడదు. నాకు పంపు. నేను కూర్చుని మాట్లాడతాను."

మాట నిలబెట్టుకుంది. మంచులో అంత దూరం బండి నడుపుకుని వచ్చి, అన్నయ్యతో గంటసేపు కూర్చుంది. నన్ను హాలు అవతలికి పొమ్మంది. ఫీజు, పనిముట్లు, పెట్రోలు ఖాయమయ్యాయి.

కానీ అసలు ముడి శనివారం భోజనం దగ్గర విడాలి. అన్నయ్య భృతి ఆ నెలాఖరుతో సరి. బడికి పోతే ఇంక ఆ ఇంట్లో వచ్చేది వదిన స్కూలు డబ్బు ఒక్కటే. అన్నయ్య ప్లేటు ముందు కూర్చుని రొట్టె తుంపుతున్నాడు, తినడం లేదు.

"ఎక్కడో ఒకచోట రాత్రి కాపలా పని చూసుకుంటాలే," అన్నాడు. "చదువు గిదువు మనకెందుకు."

"ఎందుకొద్దు?" అంది వదిన.

"ఎందుకేంటి? నీ డబ్బు మీద కూర్చుని తిననా?"

"ముప్పై ఏళ్ళు నేను వండింది కూర్చునే తిన్నావు. అప్పుడు సిగ్గు లేదా?"

నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"అది వేరు," అన్నాడు.

"ఏం వేరు? ఫెర్నాండ్, ఇటు చూడు. నువ్వు సర్కారు దగ్గర చెయ్యి చాపనన్నావు. సరే, నీ ఇష్టమని ఊరుకున్నాను. ఇప్పుడు నా దగ్గర కూడా చాపవా? నేనూ పరాయిదాన్నేనా?"

వదిన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అన్నయ్యకి తేలికయ్యేది, తనూ అరిచేవాడు. తుంపిన రొట్టె ముక్కలన్నీ ఒక పక్కకి నెట్టాడు. చివరికి ప్లేటు ముందుకి జరిపి, "ఇంకాస్త గింజలు వెయ్యి," అన్నాడు.

వదిన వేసింది.

మార్చి నుంచి ట్రక్కులో ముగ్గురూ బడి పిల్లలే. అన్నయ్య చొక్కా జేబులో కలం పెట్టుకుని వెళ్ళేవాడు. బ్యాచిలో అందరికంటే పెద్ద తనే. చేతులతో చేసేది ఇట్టే పట్టుకునేవాడు గానీ, కరెంటు తీగల బొమ్మలు చూస్తే తల తిరిగేదట. కోరీ వాటిని మళ్ళీ మళ్ళీ గీసి చూపించేవాడు. ఒకసారి పరీక్ష తప్పాడు. ఆ రోజు దారంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రోలండ్ ఊరుకోక, "నేను మూడు తప్పాను, నన్ను చూసి ధైర్యం తెచ్చుకో," అంది.

పాపం రోలండ్ చదువే నిలబడలేదు. రెండో ఏడు మొదట్లో వాళ్ళమ్మ మంచాన పడింది. క్లాసులు తప్పాయి. నిర్ణీత క్లాసులకి వెళ్ళకపోతే డబ్బు ఆగుతుంది, డబ్బు ఆగితే వెళ్ళడం కుదరదు. నేను ఎన్ని ఫోన్లు చేసినా ఆ ముడి విడిపించలేకపోయాను. ఇప్పుడు హైవే పక్క మోటెల్లో గదులు ఊడుస్తోంది. కనిపిస్తే ఇప్పటికీ మణికట్టు ఎముకలు వరసగా చెప్పి నవ్వుతుంది. ఓమెర్ కూతురి దగ్గరికి వెళ్ళి, అక్కడ తోచక, తిరిగొచ్చాడు.

అన్నయ్య ఎండాకాలం దాటాక పాసయ్యాడు. లైసెన్సు కూడా వచ్చింది. కానీ పని ఇచ్చే నాథుడు వెంటనే దొరకలేదు. ఇళ్ళకి బాయిలర్ల ఆయిల్ పోసే కంపెనీల వాళ్ళు కాయితాలు చూసి బాగుందనేవాళ్ళు, మొహం చూసి మళ్ళీ పిలుస్తామనేవాళ్ళు. చివరికి నది ఎగువన చిన్న ఆయిల్ వ్యాపారి ఒకతను, తన మనిషికి నడుం పట్టేసిందని, ఆ ఒక్క చలికాలానికి పెట్టుకున్నాడు. చలికాలం అయిపోయింది, ఎవరూ మానేయమనలేదు, అన్నయ్యా మానలేదు. జీతం ఫ్యాక్టరీలో వచ్చినంత లేదు. ఆ సంగతి అడిగితే, "ఎవడిల్లు చల్లగా ఉంటే వాడు నాకోసం కిటికీలో నిలబడి చూస్తుంటాడు. బూట్ల కోసం ఎవడు చూశాడు?" అంటాడు.

వదిన ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు. అక్కడ మంచాల మీద ఉన్నవాళ్ళలో సగంమంది మిల్లువాళ్ళూ ఫ్యాక్టరీవాళ్ళే. వదినకి వాళ్ళ చరిత్రలన్నీ తెలుసు, వాళ్ళకి వదినవీ తెలుసు. ఒకావిడ సూది వేయించుకుంటూ, "మడమలు అతికించినట్టు అతికించకమ్మా, నెమ్మదిగా," అంటుందట రోజూ.

మా ఊళ్ళో చదివేవాళ్ళు అయిపోయారు, నా గది పని కూడా అయిపోయింది. కాఫీ గిన్నె ఇంటికి తెచ్చుకున్నాను. తమాషా ఏంటంటే నాకు మాత్రం ఏ సాయమూ రాదు. నా ఉద్యోగం ఏ దేశానికీ పోలేదు కదా, అయిపోయింది, అంతే. మార్జరీ హాస్కెల్ ఫోను చేసి, పక్క జిల్లాలో కాగితం మిల్లు మూస్తున్నారు, అక్కడ ఒకరు కావాలి, వస్తావా అంది. ఆలోచించుకుంటానన్నాను.

ఆ శనివారం భోజనం దగ్గర చెప్పాను. "నాకు కాగితం గురించి ఒక్క ముక్క తెలీదు. అక్కడి వాళ్ళెవరూ నాకు తెలీదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఈ మొహమే పెట్టుకుని చెప్పు. ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు అన్నయ్య.

"ఈయన మాటలకేం గానీ, వెళ్ళు," అంది వదిన. "మొండివాళ్ళు దొరికితే వాళ్ళ పెళ్ళాలతో మాట్లాడు."

"అదీ నిజమే," అన్నాడు అన్నయ్య. కాసేపు నములుతూ ఆలోచించాడు. "జెర్మేన్, నువ్వు మాకు అన్నీ చెప్పావు గానీ, వారం డబ్బు వేరు, ఫీజు వేరు అని చెప్పలేదు."

"నాకే తెలీదు అన్నయ్యా. మార్జరీ చెబితే తెలిసింది."

"ఇప్పుడు తెలుసుగా. అక్కడ మొదటిరోజే చెప్పు. ఆలస్యమైపోయిందని ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఉంటారు."

సోమవారం పొద్దున్నే బయల్దేరాను. కాగితం మిల్లు వాసన ఊరికి చాలా ముందే తగిలింది. అక్కడ నాకిచ్చిన గది అగ్నిమాపక కేంద్రం పైన ఉంది. మెట్లెక్కి వెళ్ళేసరికి అప్పటికే నలుగురు వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ళని కూర్చోమని, కాఫీ పెట్టి, ముందుగా ఫీజు సంగతి చెప్పాను.